పిలిస్తే పలికే ఇల్లు

మరియకుమారి ఐర్లండ్ వద్దనుకోవడానికి కారణం చలి. షార్జాలో ఆమెతో పాటు పనిచేసిన నర్సులు ఒక్కొక్కరే పరీక్షలు రాసుకుని అక్కడికి వెళ్ళిపోయారు. మంచులో నిలబడి తీసుకున్న ఫొటోలు పంపేవారు. అవి చూస్తేనే ఆమెకి ఒళ్ళు జలదరించేది. కూతురు జెన్నిఫర్‌కి ఆరేళ్ళు. కాస్త చల్లగాలి తగిలినా చాలు, తెల్లవార్లూ దాని ఛాతీలో పిల్లికూతలే. "మీ పాపకి ఎండే మందు సిస్టర్" అని పిల్లల డాక్టరు నవ్వుతూ అన్నమాటని ఆమె గట్టిగా పట్టుకుంది.

ఎండకి కరువు లేని దేశంలోనే ఉన్నారు. కరువల్లా చోటుకి.

షార్జాలోని రోలాలో ఒకే ఫ్లాటుని ప్లైవుడ్ చెక్కలతో గదులుగా చేసి నాలుగు కుటుంబాలకి అద్దెకిచ్చారు. పగలు నిద్రపోయేవాళ్ళు కొందరు, రాత్రి నిద్రపోయేవాళ్ళు కొందరు. పాప నవ్వినా, గంతేసినా పక్కగదిలోంచి చెక్క మీద కొట్టేవారు. అలా అలా జెన్నీకి గుసగుసగా మాట్లాడ్డమే అలవాటైపోయింది. ఆకలేసినా గుసగుసే, ఏడుపొచ్చినా గుసగుసే. బళ్ళో టీచరమ్మ పిలిపించి, "మీ పాప గొంతు ఎప్పుడైనా డాక్టరుకి చూపించారా?" అనడిగిన రోజున మరియకుమారి బస్సులో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"రువైస్ వెళ్దామా? కంపెనీ క్వార్టర్ ఇస్తామంటున్నాడు మేనేజరు," అన్నాడు భర్త విల్సన్. ఏసీ మెకానిక్కు. ఏ మాటైనా నెమ్మదిగా చెప్పే మనిషి.

"అబుదాబి దాటాక కూడా అంత దూరం పోవాలి కదండీ. అటు చూస్తే ఇసక, ఇటు చూస్తే రిఫైనరీ. పిల్లని అక్కడేం పెంచుతాం?" అంది.

ఇంతలో కల్బాలో ఒక చిన్న క్లినిక్‌లో ఆమెకి ఉద్యోగం వచ్చింది. కొండల అవతల, సముద్రం ఒడ్డున ఊరు. ఇళ్ళ అద్దెలు తక్కువ. చర్చికి వెళ్ళాలంటే పక్కనే ఫుజైరా ఉంది. పిల్లకి ఎండ, ఉప్పుగాలి. ఇంకేం కావాలి?

ఇల్లు చూపించినవాడు సూరిబాబు. పాలకొల్లు వైపు మనిషి, కల్బాలో హార్డ్‌వేర్ కొట్లో పని. "బావగారండీ, ఇలాంటి ఇల్లు షార్జాలో కలలోకి కూడా రాదండి, ఆయ్!" అంటూ ఇనప గేటు తీశాడు.

పాతకాలపు అరబ్బీ ఇల్లు. చుట్టూ ఎత్తైన ప్రహరీ, మధ్యలో ఇసక పరిచినట్టున్న వాకిలి, ఒక మూల రేగుచెట్టు. ముందు హాలు, దాని వెనక వంటిల్లు, పొడుగాటి నడవ చివర వెనకగది. సున్నం కొత్తగా వేశారు. ఆ సున్నం వాసన అడుగున ఇంకో వాసన ఉంది... తడిసి, ఎండి, మళ్ళీ తడిసిన పరుపు వాసన. మరియకుమారి ముక్కు చిట్లించింది.

"వానలకి ఓసారి నీళ్ళొచ్చేయండి. అప్పట్నించీ ఖాళీ," అన్నాడు సూరిబాబు. అంతకుమించి చెప్పలేదు. వాళ్ళూ అడగలేదు. ఎందుకంటే అప్పటికే జెన్నీ వాకిట్లో పరుగెడుతోంది.

"అరువు నాన్నా! ఇక్కడెవరూ ఏమీ అనరు. గట్టిగా అరువు!" అంది మరియకుమారి.

పాప తల్లి వంక అనుమానంగా చూసింది. తర్వాత నోరంతా తెరిచి "ఓ..." అని అరిచింది. ఇల్లంతా మోగింది. తల్లీ తండ్రీ పగలబడి నవ్వారు. ఆ కేక ఆగిపోయిన తర్వాత కూడా వెనకగదిలో కాసేపు మోగుతూనే ఉందని ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు.

దిగిన కొత్తలో అంతా బాగుంది. జెన్నీ బుగ్గలకి రంగొచ్చింది. పిల్లికూతలు తగ్గాయి. విల్సన్ కూడా ఫుజైరా వైపు పనులే వేయించుకున్నాడు. కల్బాలో పొద్దు తొందరగా వాలుతుంది. పడమటి కొండల వెనక్కి సూర్యుడు దిగాడంటే, ఆకాశంలో వెలుగుండగానే ఇళ్ళ మీద నీడ పడిపోతుంది. ఆ వేళప్పుడు ఆ ఇంట్లో ఉప్పుగాలి కూడా కదిలేది కాదు.

అలాంటి వేళప్పుడే ఒకనాడు మరియకుమారి వంటింట్లో చేపలు వేపుతోంది.

"జెన్నీ, అన్నానికి రామ్మా!"

"ఆఁ... వస్తున్నానమ్మా," అని వెనకగదిలోంచి పలికింది.

రాలేదు. మళ్ళీ పిలిచింది. మళ్ళీ అదే గొంతు, అదే ముద్దు. "వస్తున్నానమ్మా."

విసుగొచ్చి గరిట పక్కన పెట్టి తలెత్తింది. కిటికీలోంచి వాకిలి కనపడుతోంది. రేగుచెట్టు కింద జెన్నీ కూర్చుని గవ్వలు పేర్చుకుంటోంది. ఇటే చూస్తోంది. పెదాలు కదలడం లేదు.

బయటికి పరుగెత్తి చెయ్యి పట్టుకుంది. "ఇందాకట్నించీ పిలుస్తుంటే వినపడ్డం లేదటే నీకు?"

"వినపడిందమ్మా," అంది పాప, మళ్ళీ ఆ పాత గుసగుసతో. "కానీ ఎవరో వస్తున్నానని చెప్పేశారుగా."

రాత్రి విల్సన్‌తో చెబితే నవ్వేశాడు. "ఖాళీ ఇల్లు కదా మరియా. సామాను లేకపోతే మాట అటూ ఇటూ కొట్టుకుంటుంది."

సామాను లేకపోతే మన మాట మనకే వినపడుతుంది గానీ, జవాబు వినపడుతుందా అనుకుంది ఆమె. పైకి అనలేదు. వెనకగది గుమ్మానికి చర్చిలో ఇచ్చిన నూనె రాసి ప్రార్థన చేసుకుంది.

పక్కింట్లో షహర్బాను ఉంటుంది. బలూచీ ముసలమ్మ. భర్త బతికున్న రోజుల్లో చేపల పడవ ఉండేదట. హిందీ, ఉర్దూ కలిపి మాట్లాడుతుంది. ఒక సాయంత్రం పళ్ళెంలో ఖర్జూరాలు, రొట్టెలు పట్టుకొచ్చింది. మర్యాద చేద్దామని మరియకుమారి కూతుర్ని కేకేసింది. "జెన్నీ, మంచినీళ్ళు తే!"

"తెస్తున్నా," అంది వెనకగది.

జెన్నీ తల్లి పక్కనే, ఆమె చున్నీ పట్టుకుని నిలబడి ఉంది.

షహర్బాను చేతిలో పళ్ళెం ఒరిగి ఖర్జూరాలు నేలమీద దొర్లాయి. ఆమె వాటిని ఏరలేదు. మరియకుమారి మోచెయ్యి పట్టుకుని గేటు బయటికి, నడిరోడ్డు మీదికి తీసుకెళ్ళింది. గొంతు తగ్గించింది.

"బేటీ, ఆ ఇంట్లో బిడ్డని పేరు పెట్టి పిలవకు."

"ఎందుకమ్మా? ఏముంది అక్కడ?"

"ఏముందో నాకు తెలీదు. పిలిస్తే పలుకుతుంది. అంతే తెలుసు." ఆమె ఒకసారి ఆ ఇంటి వైపు చూసింది. "నీకన్నా ముందు పంజాబు వాళ్ళుండేవారు. ఒక్క కొడుకు. పెద్దవాన వచ్చినప్పుడు పికప్‌లో సామానెక్కించుకుని బయల్దేరారు. చీకటి. ఆ తల్లి ముందు సీట్లోంచే, 'మున్నా, ఎక్కావా?' అని అడిగింది. వెనక సామాన్లలోంచి 'ఎక్కాను అమ్మీ' అంది గొంతు. ఫుజైరా వెళ్ళి దిగి చూస్తే వెనకాల దుప్పట్లు తప్ప ఏమీ లేవు."

"మరి... పిల్లాడు?"

షహర్బాను కళ్ళు తుడుచుకుంది. "పలికినదాన్ని నమ్మకు బేటీ. చేత్తో తాకు. తాకినదాన్నే నమ్ము."

ఆ రాత్రి మరియకుమారి పెట్టెలు సర్దేస్తానంది. రోలా గది వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఆమె ఉద్యోగం ఇక్కడ. పిల్ల ఇక్కడ తేరుకుంది, నవ్వుతోంది. "ఎక్కడికెళ్తాం మరియా? ఆ మాట నువ్వే చెప్పు," అన్నాడు విల్సన్. ఆమె తెరిచిన పెట్టె మళ్ళీ మూసింది. "రువైస్ సంగతి మళ్ళీ అడుగుతాను. క్వార్టర్ దొరికేదాకా ఓపిక పట్టు," అన్నాడు.

పట్టింది. పాపని పేరు పెట్టి పిలవడం మానేసింది. కావాలంటే చప్పట్లు కొట్టేది. లేదా వెళ్ళి భుజం మీద చెయ్యి వేసేది. ఇల్లు కూడా నోరు మూసుకుంది. కాకపోతే, అప్పుడప్పుడు నడవలోంచి వెళ్తుంటే వెనకగదిలో ఎవరో ఊపిరి బిగబట్టుకుని, పిలుస్తారా... పిలుస్తారా... అని చూస్తున్నట్టుండేది.

ఫిబ్రవరిలో వాన వచ్చింది.

మధ్యాహ్నానికే కొండల మీద మబ్బు నల్లగా కూర్చుంది. విల్సన్ దిబ్బా అనే ఊళ్ళో పని మీద ఉన్నాడు. చలిగాలికి జెన్నీకి మళ్ళీ పిల్లికూతలు మొదలయ్యాయి. మరియకుమారి మందు పట్టించి, పడుకోబెట్టడానికి చోటు వెతికింది. హాల్లో కప్పు కారుతోంది. మంచం మీద కూడా నీళ్ళే. ఇంట్లో పొడిగా ఉన్న గది ఒక్కటే. వెనకగది.

ఇష్టం లేకుండానే అక్కడ మడతమంచం వేసి పడుకోబెట్టింది. పాప రెండు దుప్పట్లు కప్పుకుని, తల్లి వేలు పట్టుకుని నిద్రపోయింది. వేలు విడిపించుకుని, తలుపు తెరిచే ఉంచి, మరియకుమారి హాల్లోకి వచ్చింది.

కొండల మీంచి నీళ్ళు దిగుతున్న చప్పుడు ముందు రైలు మోతలా, దూరంగా వినపడింది. తర్వాత దగ్గరగా. గేటు కిందనించి ఎర్రమన్ను నీళ్ళు వాకిట్లోకి వచ్చాయి. గుమ్మం దగ్గర పాతచీరలు, తువ్వాళ్ళు కుక్కింది. ఆగలేదు. పక్క మసీదులో మగ్రిబ్, పొద్దుగూకే వేళ నమాజు పిలుపు, మొదలై, మధ్యలోనే తెగిపోయింది. కరెంటు పోయింది.

చీకటి. నీళ్ళ చప్పుడు. తడిసిన పరుపు వాసన... ఈసారి సున్నం చాటున లేదు, ఎదురుగా ఉంది.

ఫోన్ లైటు వేసేసరికి మోకాళ్ళ కింద దాకా నీళ్ళు. నడవ వైపు తిరిగింది. వెనకగది తలుపు మూసి ఉంది.

తెరిచి ఉంచింది కదా?

అడ్డంపడి వెళ్ళి తోసింది. రాలేదు. నీళ్ళకి చెక్క బిగిసిపోయింది. భుజంతో గుద్దింది. రాలేదు.

లోపలనుంచి ఎవరో తలుపు తట్టారు. మెల్లగా. తలుపుకి సగం ఎత్తులో.

"అమ్మా... తలుపు రావట్లేదు..."

పిలవలేదు. తను పిలవనే లేదు. "ఉండమ్మా, ఉండు, తీస్తున్నా..." అంటూ రెండు చేతులతో తోసింది.

అప్పుడే గేటు బయట కారు హారను. ఆగకుండా. విల్సన్ గొంతు. "మరియా! రా బయటికి! కొండవాగు కట్ట తెగింది! యల్లా, యల్లా!"

"పాప లోపలుందండీ! తలుపు బిగుసుకుపోయింది!"

నీళ్ళలో తడుముకుంటూ విల్సన్ హాల్లోకి వచ్చాడు. "పాప కార్లో ఉంది."

ఆమె అతని వంక చూసింది.

"గేటు దగ్గర నిలబడి ఉంది. నేనే ఎత్తుకుని ఎక్కించా. బెల్టు పెట్టా. ఇక్కడేం చేస్తున్నావు నువ్వు?"

"అమ్మా..." తలుపు వెనకాల ఏడుపు. "అమ్మా, నీళ్ళొస్తున్నాయి..."

విల్సన్ కూడా విన్నాడు. భార్య నడుం చుట్టూ చెయ్యి వేసి వెనక్కి లాగాడు. "రా... నా మాట విను... రా..."

"నేను చూడాలి. నేను తాకి చూడాలి!"

వాకిట్లో మోకాటి లోతు నీళ్ళలో పడి లేచి కారు దగ్గరికి వెళ్ళింది. వెనక తలుపు తీసింది. లోపల చీకట్లో చిన్న ఆకారం.

"జెన్నీ?"

"ఆఁ అమ్మా," అంది వెంటనే.

చెయ్యి చాపి తాకింది. బుగ్గ. తడిజుట్టు. చెవికి ముత్యం పోగు. తనే కుట్టిన గౌను, మెడ దగ్గర తనే వేసిన కుట్టు. వెచ్చగా ఉంది. బతికి ఉంది. పిల్లని గుండెకి హత్తుకుంది. వంటింటి తలుపులోంచి బయటికొచ్చేసి ఉంటుంది. అంతే. అంతే అయ్యుంటుంది.

ఇంట్లోంచి ఆ గొంతు ఇంకా పిలుస్తూనే ఉంది. విల్సన్ కారు ముందుకి దూకించాడు. మరియకుమారి రెండు చేతులతోనూ పాప చెవులు మూసింది. తన చెవులు మూసుకోవడానికి చేతులు మిగల్లేదు.

ఫుజైరాలో పెట్రోలు బంకు లైట్ల కింద ఆపి చూశారు. జెన్నీయే. తల నుంచి కాలి గోరు దాకా జెన్నీయే. మరియకుమారి అక్కడే తడిసిన సిమెంటు మీద మోకరించి స్తోత్రం చెప్పింది.

తెల్లారాక విల్సన్ సూరిబాబుని వెంటబెట్టుకుని వెళ్ళాడు. నీళ్ళు తీసేశాయి. వెనకగది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మంచం, రెండు దుప్పట్లు. ఇంకెవరూ లేరు. సూరిబాబు మంచం కింద కూడా వంగి చూశాడు. చుట్టుపక్కల ఎవరింట్లోనూ ఏ బిడ్డా తప్పిపోలేదని పోలీసులు చెప్పారు. విల్సన్ ఆ మాటని భార్యకి పదేపదే చెప్పాడు. ఆమె కూడా పదేపదే చెప్పించుకుంది.

రువైస్‌లో క్వార్టర్ దొరికింది. ఇసక, రిఫైనరీ అని వద్దనుకున్న ఊరే వాళ్ళని కడుపులో పెట్టుకుంది. చిన్న ఇల్లయినా సొంత గోడలు. పొడిగాలి. జెన్నీకి పిల్లికూతలు పూర్తిగా పోయాయి. రాత్రిళ్ళు దాని ఊపిరి చప్పుడే వినపడదు. గుసగుసలూ పోయాయి. పిలిస్తే చాలు, పిలుపు పూర్తికాకముందే "ఆఁ అమ్మా" అని స్పష్టంగా పలుకుతుంది. ఇంత మాట వినే పిల్లని ఎక్కడా చూడలేదని కొత్త టీచరమ్మ మెచ్చుకుంది. మరియకుమారి కూడా అందరితోనూ అదే చెప్పుకునేది. చెప్పిన ప్రతిసారీ ఒకసారి పాప వంక చూసేది. ఎందుకో వెతుక్కోలేదు.

వేసవి ముదిరిన ఒక సాయంత్రం షహర్బాను దగ్గరనుంచి ఫోన్ వచ్చింది.

"బేటీ, బాగున్నావా? నీ కూతురు... నీ దగ్గరే ఉందిగా?"

"ఉందమ్మా. ఎదురుగానే ఉంది." జెన్నీ కిటికీ దగ్గర నేలమీద కూర్చుని, అటు తిరిగి బొమ్మకి రంగులేసుకుంటోంది.

షహర్బాను గొంతు తగ్గించింది.

"ఆ ఇంటి సంగతి నీకు చెప్పాను కదా. పిలిస్తే పలుకుతుందని. ఇన్నేళ్ళలో అది తనంతట తాను ఎవర్నీ పిలవలేదు బేటీ. ఒక్కసారి కూడా. ఇప్పుడు మగ్రిబ్ అయిందంటే చాలు... ఎవరో పిలుస్తున్నారు. మీ భాష. నాకు అర్థం కావడం లేదు. గోడ దగ్గరే ఉన్నాను. నువ్వే విను."

ఫోన్ గోడకి ఆనిన చప్పుడు. గాలి హోరు. ఎక్కడో దూరంగా సముద్రం. మరియకుమారి ఫోన్ చెవికి అదిమి పట్టుకుంది.

చాలా సన్నగా, అలసిపోయిన గొంతు.

"అమ్మా... నీళ్ళు తీసేశాయి. ఇప్పుడు తలుపొస్తోంది. ఎప్పుడొస్తావు?"

మరియకుమారి పాప వంక చూసింది.

కిటికీ దగ్గర రంగుపెన్సిల్ ఆగింది.

"ఫోన్ పెట్టెయ్యమ్మా," అంది పాప, తల తిప్పకుండా.